వెనక సీటుకి టెస్ట్ డ్రైవ్

నూజివీడు, మైలవరం రోడ్డు,
మే 5.

హనుమాన్ జంక్షన్ కార్ల షోరూం మేనేజరు ఇమ్మానుయేల్ గారికి, మామిడితోట ప్రభాకరరావు తల్లి పున్నమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం, ఈ పూట వరకు.

మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది ఎవరో అమ్మాయి. తప్పుది నొక్కితే ఏమవుతుందోనని భయమేసి పెట్టేశాను. అందుకే ఉత్తరం. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

నిన్న మావాడు మీ దగ్గరికొచ్చి ఏడుగురు పట్టే కొత్త కారు నడిపి చూశాడు. పక్కన మా కోడలు కల్యాణి కూర్చుంది. ఇంటికొచ్చి "ఉయ్యాల అనుకోమ్మా" అన్నాడు. "నేనెక్కడ కూర్చోవాలిరా" అంటే, "చివరి సీటు మొత్తం నీదే, కావాలంటే పడుకో" అన్నాడు.

అయ్యా, కాపురానికొచ్చినప్పటినుంచి నేను వెనకే. ఎద్దుబండిలో వెనక, ట్రాక్టరు తొట్టిలో వెనక, జీపులో గంపల మధ్య. డెబ్బై ఒకటి నిండాయి. ఈసారి చూసుకోకుండా కూర్చోను. నడిపేవాడికి టెస్ట్ డ్రైవ్ ఇచ్చారు సరే, వెనక కూర్చునేదానికి ఇవ్వరా? నాకూ ఒకటి కావాలి.

ఇట్లు,
మీ జవాబు వచ్చేదాకా ఉంటాననే అనుకుంటున్న
పున్నమ్మ

తా.క.: చివరి సీటుకి తలుపే లేదట, మధ్య సీటు మడిచి దూరాలట. నేను లోపలున్నానని మర్చిపోయి వీళ్ళు దిగి వెళ్ళిపోతే నా గతేంటో అదీ రాయండి.

హనుమాన్ జంక్షన్,
మే 8.

గౌరవనీయులైన శ్రీమతి పున్నమ్మ గారికి,

ఉత్తరాలకు ఉత్తరంతోనే జవాబివ్వాలని మా సంస్థ నియమం. నేను చేరాక వచ్చిన మొదటి ఉత్తరం మీదే.

ఈ వయసులో కారు నడపాలన్న మీ ఉత్సాహానికి మా సిబ్బంది చప్పట్లు కొట్టారు. అయితే ముందుగా లెర్నర్ లైసెన్స్ తీసుకోవాలి. దరఖాస్తు జతపరిచాం. కళ్ళు కూడా ఒకసారి చూపించుకోగలరు.

భవదీయుడు,
ఇమ్మానుయేల్, మేనేజర్

తా.క.: మీ ఫొటో ఒకటి పంపితే మా గోడకు పెట్టుకుంటాం.

నూజివీడు,
మే 11.

మేనేజరు గారికి పున్నమ్మ నమస్కారాలు.

మీ దరఖాస్తు చూసి నా గుండె జారిపోయింది. నడుపుతానని నేనెక్కడన్నానండీ? కూర్చుంటానన్నాను. కూర్చోడానికి కూడా లైసెన్స్ ఉంటే చెప్పండి, అదీ తెచ్చుకుంటాను.

బుధవారం మావాడు కాయల లోడుతో మార్కెట్టుకి పోతాడు. ఆ పూట కారు మా ఇంటికి పంపండి. తెలియని బండి నేను ఊరికే ఎక్కను, నడుం నాది. నా పద్ధతిలో పరీక్ష పెడతాను, అది నెగ్గితేనే ఎక్కుతాను. పరీక్ష ఏంటో చెప్పను. చెప్తే మీరు కారుని ముందే సర్దేస్తారు.

ఇట్లు,
బుధవారం దాకా నిద్రపోని
పున్నమ్మ

తా.క.: ముసలివాళ్ళ ఫొటోలు గోడకి ఎప్పుడు పెడతారో నాకు తెలుసు. ఇంకా టైముంది.

హనుమాన్ జంక్షన్,
మే 14.

గౌరవనీయులైన పున్నమ్మ గారికి,

మీరు మా డ్రైవర్ సందీప్‌తో పంపిన రెండు గంపల చిన్న రసాల మామిడిపండ్లు అందాయి. కస్టమర్ల దగ్గర బహుమతులు తీసుకోకూడదన్నది నియమం. గంప మీద గడ్డి తీసేసరికి నియమం ఎవరికీ గుర్తు రాలేదు.

ముందు సీట్లో వచ్చిన గంపలో ఒక్క పండూ నలగలేదు. అందరం తలా ఒకటి తిన్నాం. చివరి సీట్లో వచ్చినవి మాత్రం రసం రూపంలోనే చేరాయి. గ్లాసుల్లో పోసుకుని తాగాం. గంపలకు సీటు బెల్టు పెట్టించి, మైలవరం తిప్పి తెమ్మన్నారని సందీప్ చెప్పాడు. మీ అభిమానానికి కృతజ్ఞులం.

మీరన్న పరీక్ష ఎప్పుడో తెలియజేస్తే కారు మళ్ళీ పంపుతాం.

భవదీయుడు,
ఇమ్మానుయేల్, మేనేజర్

తా.క.: చివరి సీటు మూడుసార్లు కడిగాం. చీమలు మాత్రం టెస్ట్ డ్రైవ్‌లోనే ఉన్నాయి.

నూజివీడు,
మే 16.

బాబూ ఇమ్మానుయేలూ, నువ్వు మావాడికంటే చిన్నవాడివని సందీప్ చెప్పాడు, అందుకే నువ్వంటున్నాను.

ఆ పండ్లే పరీక్ష నాయనా. మాగిన రసం వేలు గట్టిగా తగిలితే కారిపోతుంది. అది నలక్కుండా మైలవరం వెళ్ళొస్తే నా నడుమూ వెళ్ళొస్తుంది. ఒకే చెట్టు పండ్లు, ఒకే గడ్డి, ముందొక గంప, వెనకొకటి. ఎలా ఉన్నాయో చూసి రాయమని సందీప్‌తో చెప్పించాను. చూడమంటే తినేశారు.

పోనీలే. ముందువి నలగలేదు, వెనకవి రసమయ్యాయని సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ రాసిచ్చావు. రేపు పొద్దున కాఫీల దగ్గర మావాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఎవరు ఏమన్నా సరే అనుకున్న
పున్నమ్మ

తా.క.: ఆ తాగడంలో ఎవరూ టెంక మింగలేదు కదా? వెంటనే రాయి.

హనుమాన్ జంక్షన్,
మే 18.

అమ్మా,

ఆ ఉత్తరం ప్రభాకరరావు గారికి దయచేసి చూపించకండి. మా కారు మనుషుల కోసం తయారైంది, పండ్ల కోసం కాదు. ఈ నెల మేం అమ్ముతామని పైవాళ్ళకు చెప్పుకున్నది మీ కారొక్కటే.

మీ
ఇమ్మానుయేల్

తా.క.: టెంకలు లెక్కపెట్టాం. అన్నీ ఉన్నాయి.

నూజివీడు,
మే 21.

బాబూ ఇమ్మానుయేలూ,

నీ ఉత్తరం వచ్చేసరికే చదివేశాను. మావాడు కాఫీ గ్లాసు కింద పెట్టి, "మామిడిపండుకీ మనిషికీ తేడా లేదా? చివర నేనే కూర్చుని చూపిస్తాను" అన్నాడు. మంగళవారం వాడు మీ దగ్గర మళ్ళీ కారు తీసుకెళ్ళింది అందుకే.

మా మనవరాలు ప్రవల్లిక నడిపింది. లైసెన్స్ ఉంది, రెండుసార్లు చూశాను. పక్క సీట్లో నేను. మధ్యలో కల్యాణి. మావాడు చివరికి దూరాడు, మోకాళ్ళొచ్చి గడ్డానికి ఆనాయి.

ఊరు దాటగానే "మెల్లిగా పోనీవే" అన్నాడు. ఇంకాసేపటికి "ఇంకెంత దూరం" అన్నాడు. ఆ తర్వాత మాటే లేదు. "నాన్నా, ఉన్నావా" అని అడిగింది పిల్ల. "సగం ఉన్నాను" అన్నాడు. మైలవరంలో ఇద్దరు పట్టి దింపారు.

ఇంటికొచ్చి నడుముకి తైలం రాయించుకుంటూ, "ఈ కారు మనకొద్దు, వెనక సీటు పనికిరాదు" అని తేల్చేశాడు. కల్యాణి నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. నాకు నవ్వు రాలేదు. యాభై ఏళ్ళు నేను వెనక కూర్చున్నాను. వెనక బాగాలేదని ఏ బండినీ ఎవరూ వద్దనలేదు. వాడు ఒక్క పూట కూర్చున్నాడు, కారే వద్దయిపోయింది.

అందుకని చెప్తున్నాను, విను. ఆ కారే కావాలి. తోట మా పుట్టింటివాళ్ళు నాకిచ్చింది, కారూ నా పేరునే రాయి. చివరి సీటు మడిచేసి పంపు. మా ఇంట్లో ఇక అక్కడ ఎవరూ కూర్చోరు, మావాడు కూడా. ముందు సీటు నాది.

ఇట్లు,
కారు యజమానురాలు
పున్నమ్మ

తా.క.: ముందు సీట్లో ఒక ఇబ్బందుంది, నువ్వు చెప్పనేలేదు. ఎదురొచ్చే లారీలన్నీ కనిపిస్తాయి. వెనకున్నన్నాళ్ళూ ఈ రోడ్డు మీద ఇన్ని లారీలున్నాయని నాకు తెలియదు. మైలవరం దాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. అయినా సీటు మారను. భయపడేదేదో ముందు కూర్చునే భయపడతాను.