మీ తమ్ముడి రేడియేటర్ రిపేరు

జెర్సీ సిటీ

వదినగారికి నమస్కారం. ఫోన్‌లో మాట్లాడితే మీ తమ్ముడు వింటారని మెయిల్ రాస్తున్నాను.

నిధి గదిని వెచ్చగా ఉంచే రేడియేటర్‌కి పైపు కలిసే చోట నిన్నటి నుంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్లని పిలుద్దామన్నాను. "నట్టు బిగిస్తే పోయేదానికి వాళ్లెందుకు? చిన్నప్పుడు మా ఇంట్లో అన్నీ నేనే బాగు చేసేవాణ్ణి, కావాలంటే అక్కని అడుగు" అన్నారు. అడగలేదు లెండి. పొద్దున్నే రెంచి కొనుక్కొచ్చి బిగించారు. చుక్కలు పోయి ధార మొదలైంది.

కింది ఫ్లాట్ రాధాకృష్ణగారు వచ్చి తమ సీలింగ్ తడిసిందని చెప్పారు. మీ తమ్ముడు ఆయనకి కాఫీ ఇప్పించి, రేడియేటర్ ఎలా పనిచేస్తుందో వివరించారు. నిధి జాకెట్ వేసుకుని హాల్లో హోంవర్క్ చేసుకుంటోంది.

ఇంకో మాట. పోయిన నెల మీ తమ్ముడి ఉద్యోగం పోయింది. కొత్తది దొరికాక మీకు తనే చెప్పాలని ఆగారు. అప్పట్నుంచి ఇంట్లో ఏదో ఒకటి బాగు చేస్తూనే ఉన్నారు, బాగున్నవి కూడా. అందుకే ఇవాళ నేను గట్టిగా అనలేకపోతున్నాను. మీరు మామూలుగా చేసినట్టే ఫోన్ చేసి, "ఇంక వదిలెయ్‌రా, వాళ్లని పిలు" అంటే వింటారు. ఆఫీసు సంగతి మాత్రం ఎత్తకండి.

ప్రస్తుతం ఆ జాయింటుకి టవల్ చుట్టి, రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, లీక్ ఆగిపోయిందంటున్నారు. పట్టుకున్నంతసేపూ నిజంగానే ఆగుతోంది. మీరు ఫోన్ చేస్తే ఆయన చెవి దగ్గర నేను పట్టుకుంటాను.

మీ మరదలు