ఆరిపోయిన ఎర్ర లైటు

జహీరాబాద్, 1989 మే, మంగళవారం

సంగప్ప మామ అల్లం చేనులో మోటారుకు నేను చేసి పెట్టిన టైమర్ వేళ తప్పుతోందని కబురొస్తే కోహీర్ వెళ్లొచ్చాను. కరెంటు పోయినా గంటలు లెక్కపెట్టడానికి అందులో టార్చి సెల్లు ఉన్నాయి. అవి తొందరగా అయిపోతున్నాయని పోయిన వారమే, టైమర్ నడుస్తోందని చూపే ఎర్ర లైటు తీసేశాను. పని లేనప్పుడు లోపల లెక్కపెట్టే చిప్పు, మైక్రోకంట్రోలర్, నిద్రపోయేలా ప్రోగ్రాం కూడా మార్చాను.

ఇవాళ పెట్టె తెరిస్తే సెల్లు లేవు. గోడ మీద వరసగా ఎండలో ఉన్నాయి.

"లైటు ఆరింది గద అల్లుడా, సెల్లు కమ్‌జోర్ అయినయనుకున్న. రోజు పొద్దుగాల జర ఎండకు పెడ్తున్న," అన్నాడు మామ.

సెల్లు తీసిన ప్రతిసారీ టైమర్ లెక్క మొదటికొస్తుంది. మొన్న నాటిన అల్లం మడులు సగం ఎండిపోయాయి. ఆయన కోప్పడలేదు. "లైటు లేకుంటె ఉన్నదో పోయిందో మాకెట్ల ఎరుక మరి?" అని మాత్రం అడిగాడు.

లైటు మళ్లీ అతికించాను. అప్పుడప్పుడు ఒక్కసారి మినుకుమంటుంది. కొంత బ్యాటరీ తింటుంది, తిననీ.

ఇంకో టైమర్ ఇక్కడ నా బల్ల మీదే ఉంది. దానికి లైటు లేదు. బాగానే నడుస్తోందని తెలుసు. అయినా ఇది రాస్తూ రాస్తూ రెండుసార్లు మూత విప్పి చూశాను.