ఇనుప రేకుల చూపు

మగ్గం రేకులను పురికొసతో కట్టించింది మీరు. గుడ్డలో పోగులు తప్పితే మా నాన్న మస్తానయ్యకు కళ్ళు లేవని చెప్పి మిల్లులోంచి పంపేసిందీ మీరే.

మేనేజరు లక్ష్మీనరసయ్య గారూ, ఆ మగ్గాన్ని మీరు ఎప్పుడైనా నిలబడి చూశారా? ఒక్కో పోగుకు ఒక్కో సన్నని ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు జారిపడుతుంది, అంత పెద్ద మగ్గమూ టక్కున ఆగిపోతుంది. మీ మిల్లులో మగ్గాలకు నూనె పోస్తూ రోజూ చూస్తున్నాను, ఇప్పటికీ నాకు వింతే.

కారంపూడిలో చేమగ్గం మీద చూపు మందగించిన మా నాన్న మిల్లులో మొదటిరోజు మగ్గం ఆగగానే రేకుల వరస తడిమాడు. పడిన రేకు వేలికి తగిలింది. "ఒరేయ్, ఇది నాకంటే ముందే చూసిందిరా. దీన్ని కనిపెట్టినోడి ఇంట్లో నాలాంటి గుడ్డి అయ్య ఉండుంటాడు" అని నవ్వాడు. ఆనాటినుంచి పోగులు తడిమి అతికి, అందరితో సమానంగా నేశాడు.

వడగాలికి పోగులు పెళుసెక్కి మగ్గం మాటిమాటికీ ఆగుతోందని మీరు రేకులు జారకుండా కట్టించారు. ఇక పోగు తెగినా మగ్గం ఆగదు, మా నాన్నకు తెలియదు. చేనేత ఇళ్ళల్లో ఎండాకాలం నేల తడిపి నేస్తారు, ఆ తేమకు పోగు తెగదు. మీరూ తడిపించండి.

పురికొస విప్పించి మా నాన్నను పనిలోకి పిలవండి. శనివారం పొద్దుగూకేలోగా జవాబు రాకపోతే, సోమవారం ఆయన్ని చెయ్యిపట్టుకుని తెస్తాను. ఆ ముడులు అందరి ముందూ ఆయనే తడిమి విప్పుతాడు.