దొర మనిషి తోలుకెళ్ళిన ఆవు

1763 సెప్టెంబరు, శుక్రవారం

జేబెజ్ అన్నయ్యకు,

ఐదు రోజుల ముసురు ఇవాళ తెరిపిచ్చింది. పొద్దున్నించీ బార్లీ పనలు తిరగేసి ఇప్పుడే ఇంట్లోకి వచ్చాను. సోమవారం నాన్న పోయారు. వాగు పొంగి నీకు కబురు పంపలేకపోయాము. మంగళవారం పూడ్చాము. పొలం కౌలు నీకు, బీడు కొనడానికి నువ్వు ఆయన దగ్గర తీసుకున్న నాలుగు పౌండ్ల అప్పు నీనుంచి రాబట్టుకునే హక్కు నాకు రాశారు. నా వాటా అంతే.

కౌలుదారు పోతే అతని కొట్టంలోని మేలైన పశువు దొరకు ఇవ్వడం ఇక్కడి ఆచారం కదా. బుధవారం దొర మనిషి ప్లకెట్ వచ్చాడు. మన కుంటి ఆవును చూపించాను. అతను నీ ఎర్రావు మెడమీద చెయ్యి వేశాడు.

"అది మా అన్నదండీ. అప్పుకి తాకట్టుగా కట్టేసి వెళ్ళాడు" అన్నాను.

"చచ్చినోడి కొట్టంలో ఉన్నది చచ్చినోడిదేనయ్యా! ఆ కుంటిదాన్ని తోలుకెళ్తే దొర నన్ను కాడికి కడతాడు" అని నవ్వాడు.

నాకేమీ పాలుపోవడం లేదు. ఆవు పోయింది నీ పొలం కోసమా, నా నాలుగు పౌండ్ల కిందా? నీ అప్పు తీరినట్టా, లేక నేనే నీకు ఆవు బాకీ పడ్డానా? పాదిరిగారు రెండుసార్లు చెప్పించుకుని, నిన్నే అడగమన్నారు. తీరిందని నువ్వంటే నాకు మిగిలేది ఏమీ లేదు. ఏదో ఒకటి రాయి.

ఎర్రావు కొత్త చేతికి పాలివ్వదని అమ్మ అంది. ప్లకెట్ బుధవారం మధ్యాహ్నం వెళ్ళాడు. అమ్మ కూడా అప్పుడే బాల్చీ పట్టుకుని ఆవు వెనకాల వెళ్ళింది. ఇంకా రాలేదు.

నీ తమ్ముడు