వేపచెట్టుకు వేసిన పసుపు పట్టీ

తిరుత్తణి, 1979
ఆడి నెల శుక్రవారం, రాత్రి

కొట్టవలసిన చెట్టుకు పసుపురంగు పట్టీ వేయడం మా పద్ధతి. నా ఎమ్మెస్సీ పరిశోధన కోసం నరికి తూకం వేయాలని చీటీలు తీసి ఎంచిన చెట్లలో కొండ కింది వేప ఒకటి. పోయిన వారం నేనే దాని చుట్టూ కుంచెతో సమంగా రంగు పూశాను.

ఈ సాయంత్రం వెళ్లేసరికి ఆ పట్టీ మీద కుంకుమబొట్లు ఉన్నాయి. కొమ్మకు కొత్త రవికెగుడ్డ కట్టారు. మగ్గాల వీధి ఆడవాళ్లు అంబలి కుండ చుట్టూ కూర్చున్నారు. వారిలో పెద్దావిడ మునెమ్మక్క నన్ను చూడగానే లేచింది.

“ఈ అయ్యే మన అమ్మకు పసుపు పూసినాడు! యాడికి పోతావు సామీ, కూళు తాగి పో.”

“సదువుకున్నోళ్లు మన కూళు తాగుతారా అక్కా?” అని మరొకామె నవ్వింది.

“ఎందుకు తాగడు? అమ్మను గుర్తుపట్టినోడు!”

రేపు పొద్దున రంపంవాళ్లు వస్తారని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అంబలి చెంబు అందించింది. తాగాను. బొట్టు పెడితే తల వంచాను కూడా.

చీటీలో వచ్చిన చెట్టును వదిలేసి మరొకటి కొడితే పరిశోధన చెడుతుంది. జూనియర్లకు నేను చెప్పే పాఠమే అది.

బసలో ప్రొఫెసర్‌గారు, “ఊరివాళ్లకు అభ్యంతరమేమీ లేదుగా?” అని అడిగారు.

“లేదండీ” అన్నాను. అబద్ధం కాదు. తెలియనిదానికి అభ్యంతరం ఎలా చెబుతారు?

రంపంవాళ్లకంటే ముందే మునెమ్మక్క ఇంటికి వెళ్లాలి. తలుపు తీయగానే ఆమె మళ్లీ ‘సామీ’ అంటుంది. అప్పుడు నేను ఏమని మొదలుపెట్టాలి...