అద్దం కట్టించిన పాసు కాయితం

తుని,
1901 ఫిబ్రవరి.

నరసాపురం రేవుపేటలో ఉన్న మా అమ్మ రత్తమ్మకి, తుని నుంచి నీ కొడుకు బుల్లియ్య దండం పెట్టి రాస్తున్నది. గంగమ్మతల్లి చల్లగా చూడబట్టి నేను బాగానే ఉన్నాను. నువ్వూ, చెల్లీ, వెంకన్న మామ వాళ్ళూ అంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. చెల్లీ పాపాయీ, నువ్వు చదివి వినిపించేటప్పుడు గబగబా చదివెయ్యకు, అమ్మకి అందదు.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. జ్వరం తగ్గింది. అన్నం స్టేషను వెనక ఒక ముసలమ్మ వండి పెడుతోంది. ఆవిడ చేపల పులుసు చూస్తే చేప ఇంకా ఏట్లోనే ఉందనిపిస్తుంది. నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు అందాయి. ఆ చేపల వాసనకి తెచ్చినతని పక్కన రైల్లో ఎవరూ కూర్చోలేదట, కాళ్ళు చాపుకుని పడుకుని వచ్చాడట. నాకు స్టేషను గుమాస్తా ఉద్యోగమని పేటంతా చెప్పావట. కాదమ్మా. గోడౌన్లో మూటల మీద ఊళ్ళ పేర్లు రాస్తాను, అంతే.

నెల్లాళ్ళ నుంచి అదీ లేదు. సర్కారువారి జనం లెక్కల్లో వేశారు. ఇక్కడి కరణం జగన్నాథరావుగారికి ఇంగ్లీషు రాదు. నాకు కాస్త వచ్చని స్టేషను వాళ్ళు పంపించారు. పొద్దుటే బయల్దేరి ఇంటింటికీ తిరగడం, గుమ్మం మీద నంబరు వెయ్యడం, ఎంతమంది, వయసెంత, చదువొచ్చా అని అడగడం. ఒకచోట నిలవలేనని నువ్వు తిట్టేదానివి కదా, ఇప్పుడు నిలవమన్నా నిలవనివ్వరు. కాళ్ళు పీకేస్తున్నాయి. అడిగిందే అడిగి నోరు కూడా అలిసిపోయింది.

దానికి తోడు తహసీల్దారుగారు ఇంకో కాయితం పంపారు. పెద్దవాళ్ళలో మెట్రిక్యులేషనూ, ఎఫ్.ఏ., బి.ఏ. దాకా చదివినవాళ్ళు ఎంతమందో వేరేగా రాయమన్నారు. నోటిమాట పనికిరాదు, పాసు కాయితం కళ్ళతో చూసి రాయాలి. ఆ మాట ఎలా పాకిందో కానీ, పసుపు రాసిన కాయితాలు పట్టుకుని ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఇంగ్లీషు అక్షరాలుండి గుండ్రటి ముద్ర ఉంటే చాలు, పాసే. ఒకాయన తెచ్చింది మందు సీసా మీద కాయితం. ఒకావిడ తెచ్చింది గుడ్డల బేలు మీది ఏనుగు బొమ్మ. "ముద్ర ఉంది కదా బాబూ" అంటుంది. మూడొందల పైన ఇళ్ళు తిరిగితే నిజంగా పాసైనవాళ్ళు ఇద్దరు తేలారు.

ఆ వచ్చినవాళ్ళలో చిట్టియ్యగారని ఒక పెద్దాయన ఉన్నాడు. నాలుగెకరాల రైతు. కొడుకు ఈ ఊళ్ళోనే బండి తోలుతున్నాడు, ఆ పూట ఇంట్లో లేడు. దేవుడి గూట్లోంచి కాయితం తీసి, పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. చదివాను. కొడుకు పరీక్ష తప్పాడని బడివాళ్ళు రాసిన కాయితం అది.

"ఏంటి బాబూ, పాసే కదా?" అన్నాడు. ఆ మొహం చూసి కాదనలేకపోయానమ్మా. "పాసేనండి" అన్నాను. అలాగే రాసేశాను.

మూడోనాడు కాకినాడ నుంచి సూపర్వైజరు తనిఖీకి వచ్చాడు. కాయితం తెప్పించి, వీధిలో అందరూ వింటుండగా పైకి చదివి తెలుగులో అర్థం చెప్పాడు. "ఇది పాసైతే మా గుర్రం బి.ఏ. పాసైందయ్యా" అన్నాడు. జనం నవ్వారు. చిట్టియ్యగారు ఆయన వంక చూడలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "చదివి చెప్పింది నువ్వే కదా బాబూ. తెలిసి చెప్పావా, తెలియక చెప్పావా?" అన్నాడు. తల వంచుకుని పుస్తకంలో ఆ వరస కొట్టేశాను. సూపర్వైజరు నన్ను తిట్టిన తిట్లు ఒక్కటీ గుర్తు లేదు. ఆ మాటే చెవిలో ఉండిపోయింది.

పాపాయీ, ఇక్కడ ఆగు. అరుగు మీద ఎవరైనా ఉంటే తలుపు వేసి మిగతాది చదువు.

అమ్మా, నువ్వడిగిన ఒక్క మాటకి ఇంకా జవాబు చెప్పలేదు. శివరాత్రి మర్నాడు మన పేటకి లెక్కలవాళ్ళు వస్తారు, బుల్లియ్య కాయితం అద్దంతో చూపించాలా, అద్దంలోంచి తీసి చూపించాలా అని అడిగావు.

అది పాసు కాయితం కాదు.

ఆరేళ్ళ కిందట రాజమండ్రి బడిలో కూర్చోలేక కాలవ పడవల వాళ్ళతో ధవళేశ్వరం, పెరవలి తిరిగాను. నెల్లాళ్ళుగా ఈ కుర్రాడు రావడం లేదు, పేరు కొట్టేశాం, ఇక రానివ్వం అని బడివాళ్ళు ఇంటికి ఇంగ్లీషులో రాసిన కాయితం అది. నేను ఇల్లు చేరేసరికి నీ చేతిలో ఉంది. "ఏంటిరా ఇది?" అన్నావు. "పాసు కాయితం" అన్నాను. ఒక్క మాట. దెబ్బలు తప్పితే చాలనుకున్నాను. నువ్వు పసుపు రాస్తావనీ, అద్దం కట్టిస్తావనీ నాకేం తెలుసు?

మొన్న ఇంకో ఉత్తరం రాశాను. మనిషి ఎక్కడుంటే అక్కడే లెక్క, నన్ను తునిలో రాసుకుంటారు, నువ్వు కాయితం బయటికి తియ్యక్కర్లేదు అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నువ్వు నమ్మేదానివి, ఇంకో పదేళ్ళు గడిచిపోయేవి. కానీ ఎప్పుడో ఒకరోజు ఇంగ్లీషు వచ్చినవాడు మనింటికి వస్తాడు, వీధిలోనే చదువుతాడు. అప్పుడు నువ్వూ చిట్టియ్యగారిలాగే అడుగుతావు. అందుకే ఆ ఉత్తరం చింపేశాను. తెలిసే చెప్పానమ్మా.

నా కాయితం చూసి వెంకన్న మామ కొడుకు అచ్చిబాబుని బడిలో వేశాడని రాశావు. పేటలో ఇంకో ఇద్దరు కూడా వేశారన్నావు. నాకు నిద్ర పట్టనిది దానికే. లెక్కలవాళ్ళు రాకముందే మామకి నువ్వే చెప్పు. బుల్లియ్యకి చదువు అబ్బక కాదు, కుదురు లేక పోయిందని చెప్పు. వాడి మీద కోపంతో అచ్చిబాబుని వలకి లాగెయ్యొద్దని చెప్పు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగితే ఇద్దరు తేలారమ్మా. మన పేటలో ఆ ముగ్గుర్నీ బడిలో కూర్చోనివ్వమను.

నేనొచ్చి చెప్పాల్సిన మాట ఇది. లెక్క ముగిసేదాకా సెలవు ఇవ్వరు. ఇచ్చినా వచ్చేవాణ్ణో కాదో, చెప్పలేను. నీ తలమీద చేపల గంప చాలనట్టు నా సిగ్గు కూడా ఎత్తుతున్నాను.

పాపాయీ, చదవడం అయ్యాక అమ్మ ఏమందో ఉన్నది ఉన్నట్టు రాయి. తిడితే ఆ తిట్లే రాయి. ఏమీ అనకుండా గంప ఎత్తుకుని బజారుకి వెళ్ళిపోతే, అదే రాయి.

ఇట్లు,
ఏ పాసూ లేని నీ కొడుకు
బుల్లియ్య