బతికుండగానే మారిన ఇద్దరు

శనివారం రాత్రి, క్యారీ, అమెరికా

ఈ రోజు మా అమ్మాయి నిత్య నాకే పురాణం చెప్పింది! ఇంగ్లిష్ క్లాసులో రెండు పాత కథల్ని పోలుస్తూ వ్యాసం రాయాలట. ఒకటి, దయ్యాలు తన చావునే చూపిస్తే హడలిపోయిన పిసినారి కథ. రెండోది, చావుబతుకుల్లో కొడుకును పేరుపెట్టి పిలిస్తే అది దేవుడి పేరు కావడంతో యమభటుల నుంచి బయటపడ్డ పాపి కథ.

"మనదే సులువు. ఒక్క పేరుతో నేరుగా వైకుంఠం," అన్నాను గర్వంగా.

"నో అమ్మా, నువ్వు సగమే విన్నావ్. అతను అప్పుడు చచ్చిపోలేదు. లేచి, ఏడ్చి, తర్వాత తపస్సు చేశాడు. పిసినారి కూడా సేమ్, పొద్దున్నే లేచి, అన్నాళ్ళూ కసురుకున్న మేనల్లుడింటికి వెళ్ళాడు. ఇద్దరూ బతికుండగానే మారారు."

నిజమే. వెంటనే నా స్నేహితురాలు సుజాత గుర్తొచ్చింది. ఉగాది రోజు అందరి ముందూ ఆమె పాటను వెక్కిరించాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఇల్లు రెండు వీధుల అవతలే. సారీ చెప్పడానికి ఇంకా టైముందిలే అనుకుంటూ వచ్చాను.

సాయంత్రం వెళ్ళాను. తలుపు తీసిన సుజాత నన్ను చూసి నవ్వలేదు.

"తప్పు నాదే సుజాతా. ఆ రోజు అలా అనాల్సింది కాదు," అన్నాను.

"ఈ మాటకి ఇన్ని నెలలు పట్టిందా?" అంటూ కళ్ళు తుడుచుకుంది. "చెప్పులు విప్పి లోపలికి రా, చలిగా ఉంది."

రెండు గంటలు కబుర్లాడుకున్నాం. పూర్తిగా క్షమించిందో లేదో తెలియదు. కానీ వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి డబ్బా చేతిలో పెట్టి, "ఖాళీ అయ్యాక నువ్వే తెచ్చివ్వాలి," అంది.